మా గోడ మీది గోల్‌పోస్టు

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, మాస్టర్ పోయినాడు" అన్నాడు. అంతే. "సరే, వస్తున్నా" అన్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళి కాసేపు మోకరించాను. ఏమి అడగాలో తెలియలేదు. ఆయన కోసం అడగవలసినవన్నీ ముందే అడిగి ఉన్నాను.

మెడ్రాసు వ్యాసర్పాడిలో మా సందు వాళ్ళకు ఆయన ఎవరో చెప్పనక్కర్లేదు. మిగతావారికి చెబుతాను. రైల్వే వర్క్‌షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. మా సందు ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్. జీతం లేని కోచ్. మాకు పక్కిల్లు.

ఆ క్లబ్బు ఆయన నాన్న కాలంలో మొదలైంది. రైల్వే యార్డులో పని ముగించుకొని వచ్చిన కూలీలు సందు చివర చెత్త పోసే జాగాను చదును చేసుకొని, వట్టి కాళ్ళతో ఆడుకునేవారట. మాస్టరు గారి చేతికి వచ్చాక అది లీగులో ఆడే టీమైంది. ఒకసారి అంబత్తూరులో ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన టోర్నమెంటు గెలిచారు. కప్పుతో పాటు ఆడినవాళ్ళందరికీ ఎవర్‌సిల్వర్ బిందెలు, అంటే స్టీలువి, ఇచ్చారు. కప్పు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. తమ్ముడికి వచ్చిన బిందె మా ఇంట్లోనే ఉంది. దాని మీద 'విన్నర్' అని చెక్కి ఉంటుంది. అమ్మ దాన్ని తీసుకొని కొళాయి దగ్గరికి పోతే, "విన్నర్ వస్తా ఉంది, జరగండే!" అని ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. అమ్మ నిజంగానే ముందుకు పోయి పట్టుకునేది.

మా ఇల్లు సందులో చివరిది. గడప దిగితే గ్రౌండు. గోల్‌పోస్టులు అక్కడే వదిలేస్తే తెల్లారేసరికి పాత ఇనుము కొట్టుకు చేరిపోయేవి. అందుకని మాస్టరు గారు వాటిని ఊడదీసే విధంగా చేశారు. నేలలో సిమెంటు వేసి గుంతలు కట్టారు. సాయంత్రం పైపులు తెచ్చి వాటిలో నిలబెట్టి అడ్డ పైపు బిగించడం, ఆట అయ్యాక విప్పి తెచ్చేయడం. అంత పొడుగు పైపులు పట్టే గోడ మాది ఒక్కటే. మా గోడకే మేకులు కొట్టి, వాటి మీద పడుకోబెట్టేవారు. ఏటా సీజనుకు ముందు వాటికి సున్నం వేసేవారు. ఆ గోడను ఆనుకొని నడిచిన మా అందరి బట్టలకూ సున్నమే.

పిల్లలు వచ్చినా రాకపోయినా ఆయన పోస్టులు నిలబెట్టేవారు. ఒకరోజు జడివాన. ఒక్కరూ రాలేదు. ఆయనే పైపు భుజాన వేసుకుంటుంటే అమ్మ లోపలి నుంచి అంది:

"ఎవురూ రాలేదు గదా మాస్టర్, ఎవురికోసం పాతతా ఉండావు?"

"నీ కొడుకు లోపల కూర్చోనుండాడు గదక్కా, వాడికోసమే. గోల్‌కీపరంట, వానంటే భయమంట. ఉప్పుతో చేసినావా ఏమి వాణ్ణి?"

తమ్ముడు మూతి ముడుచుకొని వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.

నేను కూడా ఒకసారి అదే అడిగాను. "పోస్టు నిలబడితే ఇది గ్రౌండుమా. లేకుంటే ఖాళీ జాగా. మెడ్రాసులో ఖాళీ జాగాని ఎవురన్నా వదిలిపెడతారా?" అన్నారు. ఆ జాగాకు కాగితమేమీ లేదు. ఆ పైపులే దానికి కాగితం. ఆయన భార్య పోయిన రోజు కూడా, శ్మశానం నుంచి వచ్చి తలస్నానం చేసి, తడి తువాలుతోనే పోస్టులు నిలబెట్టి వెళ్ళారు. ఆ రోజు పిల్లలు ఆడలేదు. పోస్టుల చుట్టూ కూర్చొని, చీకటి పడ్డాక వాళ్ళే విప్పి తెచ్చారు.

ఆయన ఒక్క సాయంత్రమే వదిలారు. అది మా అమ్మ పోయిన సాయంత్రం.

అమ్మను ఇంటి ముందు, ఆ గోడ పక్కనే పడుకోబెట్టాం. ప్రార్థన జరుగుతోంది. పైపులు తియ్యాలంటే అమ్మ మీదుగా తియ్యాలి. మాస్టరు గారు చెప్పులు విడిచి అందరి వెనకా నిలబడ్డారు. ఆయన మా చర్చివారు కాదు, మా పాటలు రావు, అయినా పెదవులు కదిపారు. ఆట వేళైంది. తమ్ముడు ఏడుస్తూనే లేచి, "మాస్టర్, మేం జరుగుతాం, తీసుకోండి" అన్నాడు.

"గమ్మునుండు రా. ఈ పొద్దు ఆట లేదు."

మర్నాడు అమ్మను సమాధి చేసి వచ్చేసరికి గ్రౌండులో పెద్ద ట్రైలర్ లారీ ఒకటి నిలబడి ఉంది. రాత్రి టయరు పోయి లోపలికి వచ్చిందట. దాని చక్రం సరిగ్గా ఒక గుంత మీద ఉంది. మాస్టరు గారు భుజాన పైపుతో డ్రైవరు ముందు నిలబడ్డారు. "రెండు రోజుల్లో తీసేస్తా సార్" అని అతను అరవంలో మర్యాదగానే చెప్పాడు. అది కదలకముందే పక్కన ఇంకొకటి వచ్చింది. ఆ వెనక వరసగా వచ్చాయి. బరువుకు సిమెంటు పగిలి, గుంతలు పూడిపోయాయి. లారీల వాళ్ళ సంఘం దగ్గరికి వెళితే, "గ్రౌండంటావు, పోస్టులేవి పెద్దాయనా?" అని అడిగారట.

ఆ తరవాత క్లబ్బు ఎంతోకాలం నిలవలేదు. కొన్నాళ్ళు పెరంబూరు దాకా నడిపించుకుపోయి ఆడించారు. పిల్లలు తగ్గారు. ఒక సీజనుకు లీగులో పేరు ఇవ్వలేకపోయారు. మరుసటి సీజనుకూ అంతే.

తమ్ముడు చాలాకాలం ఆయన ముఖం చూడలేకపోయాడు. ఒకసారి మా గడప మీద టీ తాగుతున్నప్పుడు అనేశాడు, "ఆ పొద్దు నేనన్నా పోయి పాతుండాల మాస్టర్" అని.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అమ్మని పండబెట్టుకోని పోస్టు పాతేవాడివా నువ్వు? అట్లాంటోడు నా టీమ్‌కి వద్దు. పో, పోయి ఇంకొంచెం చక్కెర తే."

ఆ మాట మళ్ళీ ఎన్నడూ రాలేదు. మాకు ఏమి ఇచ్చారో ఆయన ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు. నేను ఆ జాగా కోసం ప్రార్థన చేశాను, విడవకుండా. జవాబు రాలేదు. ఆ సంగతి ఆయనతో చెబితే, "అడిగినావు గదా, చాల్లేమా" అన్నారు.

గ్రౌండు పోయాక కూడా ఏటా వచ్చి పైపులకు సున్నం వేసేవారు. ఎందుకని ఎవరం అడగలేదు. ఆయనే, "లేకుంటే తుప్పు పడతాదిమా" అనేవారు. ఈ ఏడు సగం వేసి, గడప మీద కూర్చుండిపోయారు. "తక్కింది రేపు" అన్నారు. మంచం పట్టాక చూడటానికి వెళితే, ఆ సగం గురించే అడిగారు. "నేను వేస్తాను మాస్టర్" అన్నాను. "నీకు రాదులేమా, చారలు పడతాయి" అని నవ్వారు.

ఆయన్ను సాగనంపడానికి పాత ఆటగాళ్ళు వచ్చారు. పొట్టలు పెరిగాయి, జుట్టు రాలింది. "మాస్టర్ లేస్తే మనల్ని ముందు రౌండ్లు కొట్టిస్తాడు రా" అని ఒకడు అన్నాడు. కొందరు నవ్వారు. పాడెను గ్రౌండు మీదుగానే తీసుకుపోవాలని పట్టుబట్టారు. లారీల మధ్య దారి ఇరుకు. మోసేవాళ్ళు పక్కకు తిరిగి నడిచారు. ఒకప్పుడు గోల్‌పోస్టు ఉండిన చోట ఒక్క నిమిషం దించాలనుకున్నారు. నేను గడప దగ్గరే నిలబడి చూస్తున్నాను.

"ఈడేనా రా పోస్టు?"

"ఈడ కాదు, ఇంకా ఆ పక్క."

"ఆడ గాదు రా, కొళాయికి నేరుగా ఉండె గదా!"

అందరూ తమ్ముడి వైపు చూశారు. గోల్‌కీపరు వాడే కదా. వాడు రెండు లారీల నడుమ నిలబడి అటూ ఇటూ చూశాడు. వంగి నేల చూశాడు. తల అడ్డంగా ఊపాడు. పాడెను దించకుండానే తీసుకుపోయారు.

ఇది రాస్తుంటే వాన పడుతోంది. పైపులు మేకుల మీదే ఉన్నాయి. సున్నం వేయని సగం అప్పుడే ఎర్రబారింది. వేసిన సగం కరిగి గోడ మీదుగా దిగుతోంది. మా గడప ముందు నుంచి సన్నగా, తెల్లగా, లారీల కిందికి పారుతోంది.