తొక్కు, పట్టుకో, వదులు

ఒంట్లో ఓపిక, ఏ పనైనా పుస్తకం చూసి చేసేయొచ్చన్న ధీమా రెండూ పుష్కలంగా ఉన్న వయసది. పరాయి దేశంలో, పాయా లేబర్ అనే పేట దగ్గర ఒక తమిళ ఆంటీ ఇంటి వెనక గదిలో మా కొత్త కాపురం. వాకిట్లో ఆఫీసు మిత్రుడి దగ్గర కొన్న పాత కారు. జీవితమంతా బస్సు నడిపిన మా మామగారు మొదటిసారి మమ్మల్ని చూడటానికి వస్తూ ఉత్తరం రాశారు: "అల్లుడుగారూ, ముందు మీ బ్రేకులు తొక్కి చూస్తాను. బాగుంటేనే అమ్మాయి ఆ కారెక్కుతుంది." మా బ్రేకు పెడలేమో తొక్కితే ఇడ్లీలా మెత్తగా దిగిపోతోంది.

ఆయన విమానం దిగే రోజు పొద్దున్నే మొదలుపెట్టాను. గొట్టాల్లోని పాత బ్రేకు ఆయిల్‌నీ, అందులో చేరిన గాలి బుడగల్నీ తరిమేసి కొత్తది ఎక్కించాలి. క్రమమంతా డైరీలో గీసుకున్నాను (చక్రానికో గడి, పని అయ్యాక గడిలో ఒక టిక్కు). మా ఆవిడ డ్రైవరు సీట్లో, నేను చక్రం పక్కన నేలమీద. "తొక్కు!" "తొక్కానండీ." "పట్టుకో!" అని చక్రం వెనకున్న మర వదులు చేస్తే నల్లటి ఆయిల్ బుడబుడమంటూ సీసాలోకి దూకేది. మర బిగించి "వదులు!" అనేవాణ్ణి. నాలుగో టిక్కు పెట్టి, దిగమన్నాను. ఆవిడ దిగలేదు.

"మళ్ళీ నేలదాకా పోతోందండీ."

"నాలుగు టిక్కులూ పడ్డాయి కదా!"

"డైరీలో పడ్డాయి. బానెట్ కింద డబ్బాలో ఆయిల్ చూశారా?"

చూడలేదు. డబ్బా ఎండిపోయి, తరిమిన గాలి అంతా మళ్ళీ లోపలికి చేరింది (మధ్యమధ్యలో ఆయిల్ పోయడానికి నేను గడి గియ్యలేదు మరి). రెండో విడతలో అజమాయిషీ ఆవిడదే. "ఆగండి, ముందు పొయ్యండి" అని తనే ఆపేది. బుడగ మిగిలిందో లేదో అరికాలికే తెలిసిపోయేది. ఇంటి ఆంటీ తొంగిచూసి, "ఏమ్మా, మకాన్ కూడా చేయకుండా తొక్కుతున్నావు, తిండి తినొద్దా?" అంది. "మా నాన్న పరీక్ష ఉంది ఆంటీ" అని నవ్వింది, కాలు తియ్యకుండానే.

సాయంత్రం విమానాశ్రయంలో మామగారు పెట్టె కింద పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని ఒక్కసారి తొక్కారు. పెడలు రాయిలా నిలిచింది. నా వైపు చూడనేలేదు. "కాలు నీదేనా అమ్మా?" అని కూతుర్ని అడిగి, ముందు సీటు ఆమెకిచ్చి తను వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

మొన్న అదే ఊళ్ళో, యూ టీ అనే పేటలోని మా ఇప్పటి ఫ్లాట్‌లో పాత డైరీలు సర్దుతుంటే ఆ పేజీ కనబడింది: "ఈరోజు బ్రేకులు నేనే బాగుచేశాను." ఎంత ధీమారా కుర్రాడా నీకు అనుకుని, పక్కనే బాణం గుర్తు వేసి "ఇద్దరం" అని దిద్దాను. మా ఆవిడ భుజం మీంచి చదివింది.

"రెండుసార్లు అని కూడా రాయండి."