మా తమ్ముణ్ణి నరకానికి పంపిన ఆదరణ కూడిక

మా తమ్ముడు చనిపోయాక వచ్చిన శనివారం ఇంటి ముందు షామియానా వేయించి, కుర్చీలు తెప్పించి, వచ్చినవాళ్ళందరికీ కోడికూరతో భోజనం పెట్టి, వాడు నరకానికి పోయాడని మైకులో చెప్పించుకున్నాం. దీన్ని మా క్రైస్తవ సంఘాల్లో ఆదరణ కూడిక అంటారు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టుకునే ప్రార్థన. రెండేళ్ళయింది. నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. చల్లారాలని కూడా నాకు లేదు.

ముందు వాడి సంగతి చెప్పాలి. నాకంటే ఆరేళ్ళు చిన్న. మా ఊరు ఎర్రగుంట్లకు దగ్గర. నేను చదువుకుని టీచరునై కర్నూలులో ఉండిపోయాను. వాడికి చదువు అబ్బలేదు. మీసం సరిగ్గా రాకముందే సిమెంటు బస్తాలు మోయడానికి పోయాడు. లారీలకూ రైలు వ్యాగన్లకూ ఎత్తే పని. ఎండాకాలం వ్యాగన్ లోపల ఇనుము కాలిపోతుంటుంది. చెమట పట్టిన ఒంటి మీద సిమెంటు పడితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. చర్మాన్ని కొరికేస్తుంది. వాడి మెడ మీదా వేళ్ళ సందుల్లోనూ పుళ్ళు ఎప్పుడూ మానేవి కావు. అమ్మ కొబ్బరినూనె రాసేది. పొద్దుగూకి పని దిగేటప్పటికి మేస్త్రీ తలా ఒక క్వార్టర్ సీసా చేతిలో పెట్టేవాడు. తాగితే నొప్పి తెలియదు, నొప్పి తెలియకపోతే పొద్దున మళ్ళీ వస్తారు. వాళ్ళ ముఠాలో తాగనివాడు ఒక్కడూ లేడు.

వాడేమీ దేవదూత అని నేను చెప్పడం లేదు. ఒకసారి తాగిన మైకంలో అమ్మ మీద చెయ్యి చేసుకున్నాడు. అమ్మ చెంప మూడు రోజులు వాచింది. అది తప్పు కాదని ఎవరన్నా అంటే నేనే ఒప్పుకోను. కట్టుకున్నది కూడా వేగలేక పుట్టింటికి పోయింది, ఆమెనూ నేను తప్పు పట్టను.

మా సంఘంలో ఏటా మూడు రోజులు ఉజ్జీవ కూటాలు, అంటే చల్లారిన భక్తిని రగిలించే సభలు, జరుగుతాయి. చివరి రోజున తాగేవాళ్ళను ముందుకు పిలుస్తారు. పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని సంఘం ముందు ఒట్టు పెట్టాలి. అసలు ఒట్లు పెట్టుకోవద్దని ప్రభువే చెప్పాడు. ఆ వాక్యం మీద మా సంఘంలో ఎన్నోసార్లు ప్రసంగం జరిగింది. అయినా ఒట్టు పెట్టించడం మాకు తాతల నాటి నుంచీ ఆచారం. అలా పెట్టిన ఆ చేతిని చూసి మేమంతా చప్పట్లు కొడతాం.

పదకొండేళ్ళ కిందట వాణ్ణి ముందుకు తీసుకుపోయింది నేనే. వాడు కదలకుండా వెనక వరుసలో నిలబడితే మణికట్టు పట్టుకుని లాక్కుపోయాను.

"ఒద్దుక్కా. నా చేత కాదు. మానేది నేనే చూసుకుంటా, ఒట్టు మాత్రం ఒద్దు" అన్నాడు.

"నువ్వు గట్టిగా అనుకుంటే ఎందుకు కాదురా? దేవుడు నీకు మనసు ఇచ్చినాడు గదా, దాన్ని వాడు" అన్నాను. బళ్ళో పిల్లలతో మాట్లాడే గొంతుతోనే అన్నాను.

వాడు పుళ్ళున్న చేతిని గ్రంథం మీద పెట్టాడు. పెట్టేముందు చెయ్యిని చొక్కాకు తుడుచుకున్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు. నేను సంతోషంతో ఏడ్చాను. వాడి ముఖం నేను చూడలేదు.

రెండు నెలలు ముట్టలేదు. తర్వాత తాగాడు. ఆ రోజు నుంచి వాడు చర్చి లోపల కాలు పెట్టలేదు. ప్రతి ఆదివారం అమ్మను బండి మీద ఎక్కించుకుని వచ్చేవాడు. ఆమె లోపలికి పోయాక, వాకిట్లో నీళ్ళ కుళాయి పక్కనున్న గట్టు మీద కూర్చునేవాడు. ప్రార్థన అయ్యేదాకా అక్కడే. లోపల పాట పాడితే బయట పెదవులు కదిపేవాడట, కుళాయి దగ్గరికి పోయిన ఆడవాళ్ళు అమ్మకు చెప్పేవాళ్ళు. లోపలికి రారా అని అమ్మ ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట.

"ఒట్టు తప్పినోన్ని మా. ఆ పుస్తకం ముందర ఎట్ల నిలబడాల?"

తొమ్మిదేళ్ళు. మా సంఘంలో తాగేవాళ్ళు ఇంకెందరో ఉన్నారు. చాలామంది ఒట్టు పెట్టి తప్పినవాళ్ళే. మరుసటి ఏడాది మళ్ళీ ముందుకు వస్తారు, మళ్ళీ పెడతారు, మళ్ళీ చప్పట్లు. వాళ్ళంతా లోపలే కూర్చుని ఆమేన్ అంటారు. ఆ ఒట్టును నిజమని నమ్మింది మా తమ్ముడొక్కడే. తొమ్మిదేళ్ళలో సంఘ పెద్దల్లో ఒక్కడు కూడా లేచి బయటికి వచ్చి వాడి పక్కన కూర్చోలేదు. నేను ఊరికి పోయినప్పుడు పట్టుచీర సర్దుకుంటూ వాడి ముందు నుంచే లోపలికి నడిచేదాన్ని. నేనూ కూర్చోలేదు.

చివరికి కాలేయం చెడింది. కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి, కర్నూలు ఆసుపత్రిలో పడుకున్నాడు. ఒక మధ్యాహ్నం నేను బత్తాయి ఒలుస్తుంటే అడిగాడు.

"అక్కా, ఆ ఒట్టు తీపిచ్చుకునేకి అయితాదా? అయ్యగారిని అడిగితే తీసేస్తాడా?"

మేము పాస్టరును అయ్యగారు అంటాం. ఆయన చర్చి మా ఊళ్ళో, మూడు గంటల దారి. ఫోన్ చేస్తే అయిపోయేది. ఆయన అవసరం కూడా లేదు. "తీసేశాను పోరా, పెట్టించింది నేనే గదా" అని నేనే అని ఉండొచ్చు.

"ముందు నువ్వు బాగు గా. తర్వాత చూస్తాం" అన్నాను. మూడో రోజుకు వాడు లేడు.

ఇక ఆ శనివారం. మా అయ్యగారు చిన్నవాడు, మెతక మనిషి. ఆదరణ కూడికకు కడప నుంచి పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిపించాడు. ఆ పెద్దాయన ముందురోజే నాకు ఫోన్ చేశాడు. "తమ్ముని గురించి రెండు మాటలు చెప్పమ్మా, ప్రసంగంలో కలుపుకుంటా" అన్నాడు. నేను రెండు మాటలతో ఆగలేదు. ఒట్టు సంగతి, గట్టు సంగతి, ఆసుపత్రిలో అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పాను. ఇంత భయభక్తులున్న మనిషిని దేవుడు ఎలా వదులుకుంటాడు అని ఆయన అంటాడనుకున్నాను. అమ్మ వింటుంది, అమ్మకు అది చాలు అనుకున్నాను.

ఆయన మైకు అందుకుని మొదట నెమ్మదిగానే మాట్లాడాడు. దేవుడు మనిషిని మరబొమ్మలాగా చేయలేదు, ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడు, బలవంతపు ప్రేమ ప్రేమ కాదు, అందుకే లోకంలో చెడు ఉంది, అందుకే నరకమూ ఉంది అన్నాడు. అంతవరకూ నాకూ తెలిసిన మాటలే. బళ్ళో ఎవరన్నా అడిగితే నేనూ అదే చెబుతాను. తర్వాత గొంతు పెంచాడు.

"ఈ సహోదరుడు గ్రంథం మీద చెయ్యి పెట్టినాడు. పెట్టి తప్పినాడు. తొమ్మిదేండ్లు దేవుని వాకిట్లో కూచున్నాడు. లోపలికి ఎన్ని అడుగులు? ఇరవై. తలుపు మూసినారా? లేదు. దేవుడు ఆపినాడా? లేదు. ఆయనే ఎంచుకున్నాడు. సావు పడకలో గూడ అక్కను అడిగినాడు గానీ దేవుణ్ణి అడగలేదు. ఇప్పుడు యాడుండాడు?" చూపుడువేలు నేలకేసి చూపించాడు. "మీరు యాడికి పోతారు?"

ఆమేన్, ఆమేన్ అన్నారు. నిరుటి ఒట్టు మొన్ననే తప్పినవాడు కూడా నా వెనక కుర్చీలోంచి ఆమేన్ అన్నాడు. అమ్మ ముందు చాప మీద కూర్చుని ఉంది. ఆమె వీపు కనబడుతోంది నాకు. అది కొంచెం కూడా కదల్లేదు.

నేను లేచి ఆ మైకు లాక్కోవలసింది. లాక్కోలేదు. వందన సమర్పణ నా వంతు. లేచి, "శ్రమ తీసుకుని వచ్చిన పెద్దయ్యగారికి మా కుటుంబం తరఫున వందనాలు" అన్నాను. తర్వాత ఆయన ఆకులో కూర వడ్డించాను. ఇంకొంచెం వేయమ్మా అంటే ఇంకొంచెం వేశాను. ఆ చేతిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం.

స్వేచ్ఛ లేదని నేను అనను. అదే లేకపోతే నా మీద నాకు ఇంత కోపం దేనికి? కానీ లెక్క సరిగ్గా తీయండి. సీసా చేతిలో పెట్టడం మేస్త్రీ ఎంచుకున్నాడు. ఒట్టి చేతులతో సిమెంటు ఎత్తించడం ఆ పై వాళ్ళు ఎంచుకున్నారు. మణికట్టు పట్టుకుని లాగడం నేను ఎంచుకున్నాను. ఆ ఇరవై అడుగులు బయటికి వేయకపోవడం సంఘం మొత్తం ఎంచుకుంది. లోపలి నుంచి బయటికీ అవే ఇరవై అడుగులు కదా, ఆయన ఒక వైపు నుంచే ఎందుకు లెక్కపెట్టాడు? ఇంతమందిమి ఎంచుకున్నాం, అగ్నిగుండం మాత్రం ఒక్కడికే. ఇది దేవుని న్యాయం అంటే నేను నమ్మను. ఆ ప్రసంగీకుని న్యాయం అది. దాన్ని దేవుని నోట్లో పెట్టినందుకు ఆయన జవాబు చెప్పుకోవాలి.

షామియానా విప్పుతుండగా అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మీ, ఆయప్ప చెప్పింది నిజమేనా? నా కొడుకు ఆడికే పోయినాడా?"

ఇంత కోపం ఉన్నదాన్ని, కాదమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. "మనకేం తెలుసుమా. దేవునికే తెలుసు" అన్నాను. అమ్మ గిన్నెలు కడగడానికి పోయింది.

తెల్లారితే నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. ఆ రోజు రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. అమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క బల్ల తప్పలేదు. ఆ రోజు కూడా పచ్చినీళ్ళు ముట్టకుండా తెల్లచీర కట్టుకుని నాతో వచ్చింది. కుళాయి పక్కన గట్టు ఖాళీగా ఉంది. దాన్ని చూసి కూడా ఏమీ అనలేదు. వరుసలో నా పక్కనే కూర్చుంది. అయ్యగారు రొట్టె పళ్ళెం పట్టుకుని మా దాకా వచ్చాడు. అమ్మ చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.

"నాకొద్దు అయ్యగారూ."

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. ఎవురి ఇష్టం వాళ్ళకి దేవుడు ఇచ్చినాడంట గదా, నిన్న పెద్దాయప్ప చెప్పినాడు. నా ఇష్టం నేను చెప్తాండా. నా కొడుకు యాడుంటే నేనూ ఆడికే పోతా."

"అట్ల అనగూడదమ్మా. తప్పు" అన్నాడు అయ్యగారు.

"ఏం తప్పు? అప్పుట్లో మాకు మేకలుండె. ఒగటి బాయిలో పడె. నీ అంతట నువ్వే పడితివి గదా అని గట్టు మీద నిలబడి చూస్తా ఉంటిమా? మా ఆయన తాడేసుకోని దిగె. కాలు ఇరిగె. అయినా దాన్ని తెచ్చె. ఒట్టి మేకకు." ఆమె ఊపిరి తీసుకుంది. "దేవుడు మా ఆయనపాటి గూడ లేడా, అయ్యా?"

అయ్యగారు పళ్ళెం నా ముందుకు జరిపాడు. నేనూ వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, ఎముక నొప్పి పుట్టేలా.

"నువ్వు తీసుకో. నువ్వు పైకి పోవల్ల" అంది, నా ఒక్కదానికే వినపడేట్టు. "పొయ్యి ఆ ఒట్టు తీసేయమని దేవుణ్ణి అడుగు. పెట్టిచ్చింది నువ్వే గదా. ఆయన ఒప్పుకునేదాంక నేను కింద వాని కాడుంటా. ఇన్నేండ్లు ఒగడే కూచుండె. ఇంగా ఎన్నాళ్ళు ఒగడే కూచుంటాడు?"

నేను రొట్టె తీసుకున్నాను.

నెల మొదటి ఆదివారాలన్నీ కర్నూలు నుంచి బస్సెక్కి పోతున్నాను. అమ్మ నాతో చర్చి దాకా వస్తుంది. లోపలికి రాదు. కుళాయి పక్కన, వాడు కూర్చున్న గట్టు మీదే కూర్చుంటుంది. ఇంతవరకూ ఎవరూ బయటికి పోయి ఆమెను పిలవలేదు. నేను లోపల రొట్టె నోట్లో పెట్టుకుని, పళ్ళు కొరుకుతూ, ఆ ఒట్టు తీసేయమని అడుగుతున్నాను.