నా నడుముకి సరిపడే యాక్సిల్

నా నడుము గురించి సబ్బవరం దగ్గర ఒక రేకుల షెడ్డులో మగాళ్ళు మీటింగులు పెట్టుకుంటున్నారని తెలిసి నాకు ఒళ్ళు మండింది. నడుము నాది, నొప్పి నాది. డిస్కు జారింది, కుదుపులు పనికిరావు అని డాక్టరు చెప్పాక ఆటో ఎక్కడం మానేసింది నేను. చర్చ మాత్రం మా ఆయనా, ఆయన స్నేహితుడూ చేస్తారట, ఒక పాత పికప్ బండి కింద దూరి, టీ గ్లాసులు పక్కన పెట్టుకుని!

మా ఆయన గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, యంత్రాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. స్నేహితుడిది చేపల రేవు పక్క వీధి. తాతల నాటి నుంచి సముద్రాన్ని నమ్ముకున్న ఇల్లు. మా ఆయన్ని బావా అంటాడు, నన్ను అక్కా అంటాడు. అంచేత నాకు తమ్ముడే. ఆ బండి తమ్ముడి చిన్నప్పుడు రేవు నుంచి చేపలు మోసేదట. గుండ్రటి ముక్కు, కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నట్టుండే లైట్లు, వెనక చెక్క తొట్టి. తర్వాత ఎవరి తోటలోనో కోళ్ళ గూడైపోయింది. ఇద్దరూ కలిసి దాన్ని తెచ్చి, ఇంజను లేపారు, బ్రేకులు వేశారు, ఆకుపచ్చ రంగు కొట్టారు. అంతా అయ్యాక వెనక యాక్సిల్ దగ్గర ఆగిపోయారు.

గొడవ ఇదీ. బండితో పాటు వచ్చిన పాత యాక్సిల్ దుక్క లాంటిది. దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చిన ఇనప పట్టీల స్ప్రింగులు. ఎంత బరువైనా మోస్తుంది, కానీ గతుకొస్తే గుర్రంలా ఎగురుతుంది. రెండోది గాజువాక తుక్కు దుకాణంలో దొరికింది, ఈ కాలపు పెద్ద కారుది. చుట్ల స్ప్రింగులతో మెత్తగా ఉంటుంది, కానీ బరువెత్తితే కూలబడుతుంది. పైగా అది బిగించాలంటే బండి అడుగు చట్రం, అదే ఛాసిస్, కోయాలి. ఒకసారి కోస్తే మళ్ళీ పాతది పట్టదు.

తమ్ముడికి పాతదే కావాలి. వాళ్ళావిడా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ రోజూ మధురవాడ అపార్టుమెంట్లకి చేపలు పట్టుకెళతారు. ఆటోవాడి దయ మీద ఆ బేరం నడుస్తోంది. "ఇది పికప్పా, ఉయ్యాలా బావా? సేపలెత్తితే సతికిలబడిపోద్ది. నాను సెప్తన్నాను, ఇను!" అనేవాడు. మా ఆయనది ఒకటే మాట. "మీ అక్క ఎక్కలేని బండి నాకెందుకురా?"

ఆ మాట విన్నప్పుడు నా కోపం సగం కరిగింది. నిజం చెప్పాలంటే, నాకు ఆ బండి ఎక్కాలని మహా ఇదిగా ఉండేది. ఎత్తయిన సీటు, దించిన అద్దం, మొహానికి గాలి, పక్కన ఆయన. క్యాబులో అద్దాలు బిగించుకుని ఆసుపత్రికీ ఇంటికీ తిరిగీ తిరిగీ విసుగొచ్చేసింది. పైకి మాత్రం "ఆ కోళ్ళ గూడు ఎవరెక్కుతారండీ!" అనేదాన్ని. అంత తొందరగా లొంగిపోతే ఆడపుట్టుక పుట్టడం ఎందుకు?

పరీక్ష నేనే పెట్టాను. నా చిన్నప్పుడు మా ఊరి నుంచి టౌనుకి పెరుగు ముంతలు బస్సులో పంపేవాళ్ళు. గడ్డ చెదరకుండా చేరిస్తే మంచి డ్రైవరు, నీళ్ళు తేలితే ఆ వారమంతా తిట్లు. అందుకని గడ్డ పెరుగున్న ముంత ఒకటి మా ఆయన చేతిలో పెట్టాను. "ఇది నా సీట్లో పెట్టి నడపండి. పెరుగు పెరుగులా తిరిగొస్తే నేను ఎక్కుతాను."

పాత యాక్సిల్‌తో సబ్బవరం నుంచి ఇంటికి వచ్చారు. మూత తీస్తే మజ్జిగ! "పోన్లెండి, చిలికే పని తప్పింది" అని నవ్వాను కానీ, లోపలికెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆయన పట్టు వదల్లేదు. బండి తేలికైతే నాకు సుఖమనుకుని స్టెప్నీ టైరు దించేశారు, జాకీ దించేశారు, తొట్టిలో ఒక గుడ్డపేలిక కూడా లేకుండా ఊడ్చేశారు. మళ్ళీ నడిపారు. మళ్ళీ మజ్జిగే. ఇంకా పలచగా వచ్చింది.

"ఇక కొత్తదే" అన్నారు. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు కానీ ఎదురు చెప్పలేదు. అక్క నడుము కంటే చేపలు ఎక్కువని ఏ నోటితో అంటాడు? గ్యాస్ కట్టరు తెచ్చేవాణ్ణి మాట్లాడేశారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. నా ఒక్కదాని సుఖానికి ఆ బండిని ఎందుకూ పనికిరాకుండా కోసేస్తున్నట్టు అనిపించింది. వద్దందామంటే నోరు రాలేదు, ఎందుకంటే ఎక్కాలనీ ఉంది.

కోతకి ముందు రోజు రేవులో ఆటో రాలేదు. తమ్ముడు ఫోను చేస్తే, ఈ ఒక్కసారికీ అని మా ఆయన బండి పట్టుకెళ్ళారు. తొట్టి నిండా చేపలూ ఐసూ కుక్కిన పెట్టెలు, వాటి సందుల్లో ముగ్గురు ఆడవాళ్ళు, ఒక తమ్ముడు. ఎండెక్కాక నాకు ఫోను వచ్చింది. తమ్ముడి భార్య గొంతు. అసలే ఆమెది రేవులో వేలంపాట పాడే గొంతు.

"వదినా! ఏటి సేత్తన్నావ్? మొన్న మజ్జిగ పంపిన నీ ముంత మా ఇంట్లోనే ఉండిపోనాది కదా, దాన్లో పెరుగు తోడేసి తెచ్చుకున్నాను, అన్నంలోకి. ముందు సీట్లో ఎట్టినాను. ఇప్పుడు మూత తీసి సూత్తే గడ్డ గడ్డలాగే ఉంది వదినా! గరిటె నిలబడతన్నాది!"

"ఏ బండిలో?" అన్నాను, తెలిసి కూడా.

"ఇంకే బండి? అన్నయ్య బండే!"

మా ఆయనకి ఫోనిమ్మన్నాను. ఆయన నెమ్మదిగా అన్నారు: "బరువుంటే పట్టీలు అణిగి మెత్తగా నడుస్తుందే. నాకు తెలియంది కాదు. నీ నడుమనేసరికి బుర్ర పనిచెయ్యలేదు. ఖాళీ చేసిన కొద్దీ నీకు మంచిదనుకున్నాను."

ఇన్నేళ్ళు క్రేన్లతో కాపురం చేసిన మనిషి! తిట్టాల్సిన చోట నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. "నిండుకుండ తొణకదని చిన్నపిల్లలకి కూడా తెలుసు కదండీ" అన్నాను. కట్టరు వాణ్ణి రావద్దని ఆ ఫోనులోనే చెప్పించాను.

మర్నాడు పొద్దున్నే క్యాబులో మెల్లగా రేవుకి చేరాను. పెట్టెలు ఎక్కించాక, తమ్ముడు ముక్కాలి పీట వేస్తే, దాని మీద కాలు పెట్టి సీటెక్కాను. మొదటి స్పీడు బ్రేకరు దగ్గర డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బండి ఒక్కసారి బరువుగా లేచి, బరువుగా దిగింది. నడుము పలకలేదు. హనుమంతవాక దాటేసరికి నా చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. వెనక ఆడవాళ్ళు ఎవరి కోడలి మీదో చాడీలు చెప్పుకుంటున్నారు. సగమే వినపడుతున్నందుకు బాధపడ్డాను. మధురవాడలో నేను కూడా బేరాల్లో తలదూర్చాను. వంజరాలు, కానాగంతలు అన్నీ అమ్ముడైపోయాయి.

అప్పుడు ఆయన మొహం వాడిపోవడం చూశాను. ఖాళీ పెట్టెల వైపు చూస్తున్నారు. వెళ్ళేటప్పుడు బండి నిండింది సరే, తిరిగి వచ్చేటప్పుడో? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"క్యాబు పిలుస్తానే" అన్నారు, నా మొహం చూడకుండా.

తమ్ముడి భార్య నడుముకి కొంగు బిగించింది. "కేబెందుకు అన్నయ్యా? పెట్టెలున్నాయి, మూతలున్నాయి. అదిగో కుళాయి." వాచ్‌మన్ ఆమె దగ్గర రోజూ చేప తీసుకునేవాడే. గొట్టం అతనే తెచ్చిచ్చాడు. మూతి దాకా నీళ్ళు నింపి మూతలు బిగించారు. తమ్ముడు వెనక చక్రాల దగ్గర వంగి, పట్టీలు అణగడం చూసి, "సాల్సాలు, ఇప్పుడు ఎక్కు అక్కా" అన్నాడు.

ఆ కారు యాక్సిల్ ఇప్పటికీ షెడ్డులో మూలన పడుంది. దాని మీద బట్టలు ఆరేస్తున్నారట.

ఆ రోజు గేటు దాటాక మా ఆయన బండిని ఊరి వైపు తిప్పబోయారు. నేను స్టీరింగు మీద చెయ్యి వేశాను.

"అప్పుడే ఇంటికెందుకండీ? భీమిలి వైపు పోనివ్వండి."