ఊడే కుట్టు, ఊడని కుట్టు

కుట్టు ఊడిందని దర్జీని తిట్టేవాళ్లు ఊరి నిండా ఉంటారు. కుట్టు ఊడలేదని తిట్లు తిన్న దర్జీ మాత్రం సూదత్త ఒక్కతే.

సూదత్త అసలు పేరు ఆవిడ పనిచేసే స్టూడియోలో జీతాలు రాసే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. భుజం మీద బట్టకు ఎప్పుడూ మూడు సూదులు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అందరికీ సూదత్తే. ఇరవై రెండేళ్లుగా అక్కడి మెట్ల కింది గదిలో, ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, తలుపు సరిగా పడని ఒక బీరువా, వీటి మధ్య ఆవిడ బతుకు గడిచిపోయింది.

ఆ స్టూడియోలో పిల్లల కోసం ఒక సీరియల్ తీస్తారు. ఉరుమన్న అనే వీరుడు వారానికో రాక్షసుణ్ణి చితక్కొడతాడు. ఉరుమన్న ముఖం మాత్రమే హీరోది. ఆయన వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, పళ్లన్నీ కనపడేలా నవ్వి, కారెక్కి వెళ్లిపోతాడు. ఎగిరేదీ, దూకేదీ, గోడకు గుద్దుకునేదీ అంతా డూపు. ఇద్దరు పిల్లల తండ్రి, పొట్టి మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. రాక్షసుడు మాత్రం ఏ వారమైనా ఒకే మనిషి. పాపం షుగరు జబ్బు. వారం వారం చచ్చి, చచ్చిన ప్రతిసారీ లేచి కూర్చుని చక్కెర లేని టీ అడుగుతాడు.

ఆ వారం రాక్షసుడి పేరు దుప్పటాసురుడు. ఊళ్లోవాళ్లందర్నీ దుప్పట్లలో చుట్టేసి నిద్రపుచ్చుతాడు. ఆఫీసులు మూతపడతాయి, బడులు మూతపడతాయి. ఇందులో పిల్లలకొచ్చిన కష్టమేమిటో రాసినవాడికే తెలియాలి. ఉరుమన్న గడియార స్తంభం మీదికి ఎగిరి గంట కొట్టి ఊరిని లేపాలి. ఎగరబోతుంటే రాక్షసుడు వెనక నుంచి ఆయన వీపు మీద రెపరెపలాడే ఎర్ర గుడ్డను పట్టుకుంటాడు. దాన్ని అక్కడ అందరూ రెక్క అంటారు. రెక్క చిరిగి రాక్షసుడి చేతిలో ఉండిపోవాలి, ఉరుమన్న పైకి లేచిపోవాలి. ఇదీ కథ.

సూదత్త పనంతా ఈ కథ లోపల రెండు కుట్లలో ఉంది. రెక్కకు వేసేది ఊడే కుట్టు. లాగగానే పర్రున రావాలి, అందుకు పలచని దారం. డూపు నడుముకు డ్రస్సు లోపల ఒక పట్టా కడతారు. తాళ్ల కొక్కేలు తగిలించడానికి దానికి చెరో పక్కా ఒక ఉచ్చు ఉంటుంది. ఉచ్చులు డ్రస్సు బయటికి రావాలి గనుక డ్రస్సు మార్చినప్పుడల్లా వాటిని విప్పి మళ్లీ కుట్టాలి. అది ఊడని కుట్టు. గట్టి దారం, నాలుగు వరసలు. మనిషి ప్రాణం దాని మీదే వేలాడుతుంది.

రెండు దారాలూ ఎరుపే. పలచని దారం ఉండకు సూదత్త ఒక రబ్బరు బ్యాండు వేసి ఉంచుతుంది. ఒకప్పుడు ఆ బ్యాండు అవసరం లేదు. కంటితో చూస్తే తెలిసేది, పంటితో కొరికితే ఇంకా బాగా తెలిసేది. పలచనిది పుటుక్కున తెగుతుంది, గట్టిది తెగి చావదు. కిందటి నెల ముందు పన్ను కదిలింది, కొరకడం మానేసింది. కళ్ల సంగతి అంతకుముందే అయిపోయింది.

కళ్ల సంగతి ఏమిటంటే, ఏడాదిగా ఆవిడకు దేన్నైనా ఎదురుగా చూస్తే సరిగ్గా నడిమధ్యన ఒక బూడిదరంగు మరక. పక్కకు తిరిగి ఓరకంట చూస్తేనే కాస్త కనిపిస్తుంది. డాక్టరు దీపం వేసి చూసి, కళ్లజోడుతో తీరేది కాదమ్మా, పోయింది తిరిగి రాదు, మిగిలింది జాగ్రత్త చేసుకో అన్నాడు. ఆవిడ గుడ్డి కన్నా మెల్ల నయం అనుకుంటూ ఇంటికొచ్చి, ఆ చీటీని బట్టల అడుగున దాచింది. సూదత్తకు ఈ మధ్య పొగరెక్కింది, మొహం చూసి మాట్లాడదు అని స్టూడియోలో చెప్పుకున్నారు. చెప్పుకోనీ అని ఊరుకుంది. పొగరని ఎవర్నీ పనిలోంచి తీసెయ్యరు.

పని పోతుందంటే ఆవిడకు చావు భయం. ఉండేది కూతురింట్లో. అల్లుడు మంచివాడే, ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనలేదంటే సూదత్త రోజూ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బయటికి పోతోంది గనక అనలేదని ఆవిడ నమ్మకం. సంచి దించేసిన మర్నాడు తను మూల కూర్చుని ముద్ద కోసం ఎదురుచూసే ముసలిది అయిపోతుంది. పైగా ఏడేళ్ల మనవరాలు ఉరుమన్న బట్టలు మా అమ్మమ్మే కుడుతుందని బడిలో చాటింపు వేసి పెట్టింది. ఆ పిల్లే రోజూ సాయంత్రం అమ్మమ్మతో పందెం వేసుకుని ఇరవై సూదులకు దారం ఎక్కిస్తుంది. ఆ పందెంలో అమ్మమ్మ ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ ఇరవై సూదులతోనే మర్నాడు పని జరుగుతుంది.

ఆ బుధవారం మొదటి షాట్ రెక్క చిరిగేది. దుప్పటాసురుడు నలభై దుప్పట్లు ఒంటికి చుట్టుకుని రొప్పుతూ వచ్చి రెక్క పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. రాలేదు. ఎగిరిపోవాల్సిన ఉరుమన్న వెనక్కి వెల్లకిలా పడి, చేపలా ఈడ్చుకుపోయాడు. ఊరిని కాపాడే వీరుడు, కాళ్లు కొట్టుకుంటూ గడియార స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. అందరూ పడి పడి నవ్వారు, డైరెక్టరు తప్ప. చేసేది లేక ఆ ఈడ్చుకుపోవడమే ఉంచేసుకుని తర్వాతి షాటుకు పోదామన్నాడు. సూదత్తను పిలిపించి, ఊడాల్సింది ఊడలేదేమిటని నలుగురిలో చీవాట్లు పెట్టాడు. ఆవిడ ఆయన చెవి వైపు చూస్తూ విన్నది.

గదికొచ్చి కూర్చుంది గానీ మనసు ఒక చోట లేదు. తన ఊడే కుట్టు ఇరవై రెండేళ్లలో ఊడకపోవడం ఇదే మొదలు. అంతలో మేకప్ పిల్ల తల దువ్వుకుంటూ వచ్చి, పొద్దున్న జడకు ఏదీ దొరక్క నీ దారం ఉండకున్న రబ్బరు బ్యాండు తీసుకున్నాను అత్తా, నువ్వొచ్చేలోపు వేరేది తెచ్చి తగిలించేశానులే అంది.

"ఏ ఉండకు?" అంది సూదత్త.

"అక్కడే ఉన్నాయిగా రెండూ. ఏదో ఒకదానికి. రెండూ ఒకటేగా?"

సూదత్తకు విషయం అర్థమైంది. బ్యాండు గట్టి దారానికి పడింది. ఆ దారంతో రెక్క కుట్టింది, అందుకే అది ఊడలేదు. మరి డూపు నడుం పట్టాకు నాలుగు వరసలు పోసింది ఏ దారం? బ్యాండు లేని దారం. పలచనిది. రెండో షాటు డూపుని మూడు నిలువుల ఎత్తుకు లేపేది.

గోడ పట్టుకుని నడవలో పరిగెత్తింది. పరిగెడుతూనే ఏం చెప్పాలో అల్లుకుంది. మనిషన్న తర్వాత అల్లుకుంటాడు. దారం నాసిరకమని చెబుదాం, కొట్టువాడు మోసం చేశాడందాం, షాటు ఆగుతుంది, పనీ మిగులుతుంది. తేలు కుట్టిన దొంగలా ఏడాది గడిపిన మనిషికి ఇంకొక అబద్ధం బరువా?

తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అది వెలిగితే దేవుడొచ్చినా తలుపు తియ్యకూడదు. వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు.

"తీశానంటే నా ఉద్యోగం పోతుంది అత్తా."

"నీది పోదు, నాది పోతుంది. తియ్యి," అంది. ఆవిడ గొంతు విని అతను పక్కకు తప్పుకున్నాడు.

లోపల నలభై మంది ఊపిరి బిగబట్టి పైకి చూస్తున్నారు. సూదత్త పైకి చూస్తే అక్కడ బూడిద మరక. తల పక్కకు తిప్పింది. అప్పుడు కనిపించాడు డూపు, అట్టముక్కల గడియార స్తంభం అంచున, ఎర్రగా, అంతెత్తున.

దించమని అరిచింది. కెమెరా ఆగింది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. సూదత్త తను అల్లుకున్నదంతా గడగడా అప్పజెప్పింది, ఈసారి వచ్చిన దారం మంచిది కాదు, నమ్మకం లేదు, దించండి అని. ఎవరూ కదల్లేదు. తాళ్లు పట్టుకున్నవాళ్లలో పెద్దాయన నవ్వి, దారం ఏదైతేనేం, కుట్టింది సూదత్త కదా, సూదత్త కుట్టు ఊడిందని ఇన్నేళ్లలో విన్నామా అన్నాడు. పైనుంచి డూపు కూడా, ఏం ఫర్వాలేదు అత్తా, ఒక్క నిమిషంలో అయిపోతుంది అన్నాడు. డైరెక్టరు మళ్లీ చెయ్యి ఎత్తాడు. ఇరవై రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్న మంచి పేరు ఆ మనిషిని అక్కడ వేలాడదీసి ఉంచింది. అబద్ధాన్ని నమ్మించడానికి ఇక దారి లేదు.

"కుట్టింది నేనే," అంది సూదత్త. "అందుకే చెబుతున్నాను. అది ఊడే కుట్టు. రెండు దారాలకీ తేడా నాకు కనిపించదు. ఏడాదిగా కనిపించట్లేదు. మీ మొహాలు కూడా కనిపించట్లేదు. దించండి బాబూ."

పెద్దాయన ముఖం మారిపోయింది. తాడు వదులు చేస్తూ జానెడు జానెడుగా దించాడు. డూపు స్తంభం సగం దాటాడు. నిలువెత్తుకు వచ్చాడు. నేలకు నాలుగడుగులుందనగా ఎడమ ఉచ్చు పర్రుమంది. ఉరుమన్న పక్కకు ఒరిగి గిర్రున తిరిగి, కుడి ఉచ్చు కూడా ఊడి, ఏం జరుగుతోందో తెలియక కింద టీ తాగుతున్న దుప్పటాసురుడి మీద పడ్డాడు. నలభై దుప్పట్లు కాపాడాయి. ఆ వారం ఒక మనిషిని కాపాడింది రాక్షసుడే. టీ మాత్రం మొత్తం ఒలికిపోయింది.

ఎవరూ నవ్వలేదు. డూపు లేచి కూర్చుని, ఊడిన ఉచ్చును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అతను తనకు దండం పెడతాడేమోనని సూదత్తకు ఒక్క క్షణం అనిపించింది. తర్వాత ఆ ఆశకు ఆవిడ ఎంత సిగ్గుపడిందో చెప్పలేం. అతను దగ్గరికొచ్చి అడిగింది ఒకటే మాట.

"ఏడాది నుంచి నన్ను ఇలాగే ఎక్కించావా అత్తా?"

బ్యాండు చూసే కుట్టానని చెప్పొచ్చు, ఏడాదిలో ఒక్కసారే తప్పు జరిగిందని చెప్పొచ్చు. నిజమే కూడా. కానీ ఒక రబ్బరు బ్యాండు మీద ఇద్దరు పిల్లల తండ్రిని వేలాడదీశానని నోటితో ఎలా చెబుతుంది? తల వంచుకుంది.

సాయంత్రం మేనేజరు కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. విశ్రాంతి తీసుకోమన్నాడు, కత్తెర నీదేగా పట్టుకెళ్లమన్నాడు. మిషను మీద ముసుగు కప్పి, కత్తెర సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఇంట్లో చెప్పలేదు. మర్నాడు మామూలు వేళకే టిఫిను డబ్బా పెట్టుకుని బయల్దేరింది. రెండు బస్టాపుల అవతల ఒక బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. పది రోజులు బస్సులు వచ్చాయి, పోయాయి. ఏ నంబరు బస్సో ఆవిడకు కనిపించలేదు, ఏదీ ఎక్కాల్సిన పనీ లేదు. ఈ రోజు చెప్పేస్తాను అని పొద్దున అనుకోవడం, అల్లుడు వచ్చారా అత్తయ్యా అని తలుపు తీయగానే మింగెయ్యడం.

ఆదివారం పొద్దున దుప్పటాసురుడి కథ టీవీలో వచ్చింది. మనవరాలు అమ్మమ్మ ఒళ్లో ఎక్కి కూర్చుంది. సూదత్త గోడ వైపు తల తిప్పుకుని చూస్తోంది. తెర మీద రాక్షసుడు రెక్క పట్టుకుని లాగుతున్నాడు, వీరుడు స్తంభం చుట్టూ ఈడ్చుకుపోతున్నాడు. పిల్ల నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకుంది.

"చూశావా అమ్మమ్మా, ఎంత లాగినా ఊడలేదు. అది నువ్వే కదా కుట్టింది?"

"నేనే," అంది సూదత్త.

పిల్ల గర్వంగా అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. రేపు బడిలో అందరికీ చెబుతానంది. తర్వాత ఒళ్లోంచి దిగి, బల్ల సొరుగులోంచి సూదుల దిండూ దారమూ తెచ్చుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నలభై మంది ముందు చెప్పిన మాటను ఏడేళ్ల పిల్లకు చెప్పడానికి సూదత్త నోరు తెరిచింది. రాలేదు.

"రేపటికి ఎన్ని అమ్మమ్మా?"

"ఇరవై," అంది.