వాసన లేని గ్యాసు

మా మురుగునీటి శుద్ధి కేంద్రంలో బురద ట్యాంకు చూసుకునే మనిషికి బురదరాజు అని పేరు పెట్టింది వాళ్ల అక్కే. ఆవిడ మా క్యాంటీన్‌లో వంటమనిషి. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది కాబట్టి, ఏ పేరు పెట్టినా ఆమెకే చెల్లింది. ట్యాంకులో బురద కుళ్లి పుట్టే గ్యాసు గొట్టంలో వచ్చి ఆమె పొయ్యిలో మండేది. "మా తమ్ముడి కంపుతోనే మీకు వండి పెడుతున్నా, తినండి" అని గరిటె ఊపేది. మేం నవ్వుకుంటూనే తినేవాళ్లం.

ఆ కంపును తక్కువగా చూడకండి. కుళ్లిన గుడ్డు వాసన అది. పొయ్యి నాబ్ ఎప్పటినుంచో వదులు. గ్యాసు కారితే అక్క గుమ్మంలోనే పసిగట్టి, కిటికీలు తెరిచి, నాబ్ బిగించి, కాసేపాగి అగ్గిపుల్ల గీసేది. ముక్కు ఉంది కదా అని నాబ్ మార్చమని ఎవరూ గట్టిగా అడగలేదు.

గ్యాసు చాలడం లేదని ఇంజనీరు గారు ఇనుపరాతి పొడి తెప్పించారు. బురదలో కలిపితే లోపలి సూక్ష్మజీవులు చురుకై గ్యాసు ఎక్కువ ఇస్తాయట. బురదరాజు ఆ పొడిని డ్రమ్ములో నానబెట్టి, కర్రతో తిప్పి, పసిబిడ్డకు పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా ట్యాంకుకు పట్టాడు. మీటరు ముల్లు పైకి లేచింది. పైగా కంపు పోయింది. కంపు పుట్టించే గంధకం ఇనుమును పట్టుకుని బురదలోనే ఉండిపోతుందని ఇంజనీరు గారు చెప్పారు. ఇక మావాడికి కాళ్లు నేల మీద నిలవలేదు. వెల్డరుకు చెప్పాడు, వాచ్‌మన్‌కు చెప్పాడు, నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి శాంపిల్ గొట్టం దగ్గర వాసన చూడమన్నాడు. ఏమీ లేదు. "చూశావా మరి!" అని తొడ చరిచాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం క్యాంటీన్‌లో భగ్గుమంది. అక్క కనుబొమలు కాలిపోయాయి. కుడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. నాబ్ వదులుగా ఉండటం వల్లే జరిగిందని తేల్చి, కొత్తది బిగించి, పెద్దలు చేతులు దులుపుకున్నారు.

కట్టుతో తిరిగొచ్చిన అక్క ఎవరినీ తిట్టలేదు. "తప్పు నాదే. నా ముక్కు పోయింది" అంది. ఉల్లిపాయ కోసి వాసన చూసుకునేది. సబ్బు బిళ్ల తీసి చూసుకునేది. "వస్తోంది గానీ, నిజంగా వస్తోందో, అలవాటు కొద్దీ వచ్చినట్టు అనిపిస్తోందో" అని తల అడ్డంగా ఊపేది. ముక్కు పనిచేయని మనిషి మంట దగ్గర ఉండకూడదని, నెలాఖరుకు పని మానేస్తానని చెప్పేసింది. వంట తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

బురదరాజు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. క్యాంటీన్‌కు రావడం మానేసి, డబ్బా తెచ్చుకుని ట్యాంకు మెట్ల మీద తినేవాడు. తినేవాడు అనడమే గానీ, సగం కాకులకే పోయేది.

"వెళ్లి చెప్పరా" అని గదిమాను.

"ఏమని చెప్పను? ఊరంతా డప్పు కొట్టి, అక్కకు మాత్రం చెప్పలేదనా?"

నాకు ఒళ్లు మండింది. కానీ చెప్పాల్సింది అతనే అని ఊరుకున్నాను.

ఆఖరి రోజున అక్క ఎడమ చేత్తో గిన్నెలు బోర్లిస్తుంటే అతను లోపలికి వచ్చాడు. నేను బల్ల దగ్గర టీ తాగుతున్నాను.

"అక్కా, నీ ముక్కుకేం కాలేదే" అన్నాడు. "నేను కలిపిన పొడి వల్ల గ్యాసుకు వాసన పోయింది. నాకు ముందే తెలుసు. నీకు చెప్పాలని తోచలేదు." అంటూనే ఏడ్చేశాడు.

అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "అంటే నా ముక్కు బాగానే ఉందా?"

"బాగానే ఉందే."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. ముఖం ఒక్కసారి తేటపడింది. అంతలోనే మళ్లీ ముడుచుకుంది.

"ఇంజనీరు గారికి తెలుసా?"

"ఆయనే చెప్పారు."

"వెల్డరుకి?"

"చెప్పాను."

ఆమె నా వైపు తిరిగింది. నేను గ్లాసులోకి చూశాను.

"అందరికీ చెప్పావు" అంది అక్క. "పొయ్యి వెలిగించేది నేనొక్కదాన్నే కదరా."