సరదాకి అన్న మాట

మొన్న మా పక్కింటి ప్రహరీకి వెల్ల వేశారు. డ్రమ్ములో సున్నపు గడ్డల మీద నీళ్లు పోసేసరికి బుసబుసమని పొగ లేచి, ఆ తడి సున్నం వాసన కిటికీలోంచి వంటింట్లోకి వచ్చింది. గరిటె పక్కన పెట్టి కిటికీ రెక్కలు మూసేశాను. ఎడమ చెంప చిమచిమలాడింది. నిజంగా మండటం లేదని నాకు తెలుసు, నలభై ఏళ్లు దాటాయి. అయినా ఆ వాసన తగిలితే ముందు మంట, ఆ వెనకే కోపం, ఆ తరవాత కోటేశ్వరమ్మ టీచరు గారు గుర్తొస్తారు.

ఎనభైల్లో, సత్తెనపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఆవిడ మాకు సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కోపం వస్తే దాచుకోవడం తెలియదు. నా ఎడమ చెంప మీద అప్పట్లో పుట్టుమచ్చ ఉండేది. చింతగింజంత, నల్లగా, ఉబ్బెత్తుగా, మీద రెండు వెంట్రుకలతో. అది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు సోషల్ మాస్టారు గోడకు ఇండియా మ్యాపు తగిలించి, శ్రీలంక ఎక్కడుందో చూపిస్తూ బెత్తం నా వైపు తిప్పారు. "పద్మ చెంప మీద చూడండి, అచ్చం అట్లాగే ఉంటుంది" అన్నారు. క్లాసంతా నవ్వింది. నా పక్కన కూర్చునే సరోజ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు లంక అయింది. హాజరు పిలిచేటప్పుడు కూడా ఆయన లంక వచ్చిందా అని అడిగేవారు. పిల్లలు ఏడిపించారంటే పిల్లలు కదా అనుకోవచ్చు. ఆయనకు నలభై ఐదేళ్లు.

ఇంట్లో చెప్పి ఏడిస్తే నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పొలం వెళ్లిపోయాడు. మా మేనత్త మాత్రం దానికి మందుందని, సున్నంలో బట్టలుతికే సోడా కలిపి ఈనెపుల్లతో మచ్చ మీద పెట్టింది. నేను పెనుగులాడుతుంటే అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఓర్చుకుంటే రాలిపోతుందన్నది అత్త. మచ్చ రాలలేదు. దాని చుట్టూ చర్మం కాలి రేగిపండంత పుండు పడింది.

బడి మానేశాను. అది మిరపకాయలు ఆరబోసే కాలం. కళ్లంలో ఆ ఘాటుకు ఆడా మగా అందరూ కళ్లు తప్ప ముఖమంతా తువ్వాలు చుట్టుకునేవాళ్లు. ముఖం లేకుండా బతకగలిగిన చోటు నాకు అదొక్కటే దొరికింది. రంగు పోయిన తాలుకాయలు ఏరుకుంటూ జీవితమంతా అక్కడే గడిపేయవచ్చని నిజంగానే అనుకున్నాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం టీచరు గారు ఎండలో నడిచి కళ్లానికి వచ్చారు. దగ్గుతూ, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా నా ముందు గొంతుక్కూర్చుని తువ్వాలు తొలగించి చూశారు. తరవాత, పక్కనే కాయలు ఏరుతున్న అమ్మ వైపు తిరిగారు.

"రేపు పొద్దున్నే దీన్ని గుంటూరు తీసుకుపోతున్నా. మీరొస్తే రండి, రాకపోతే లేదు."

అమ్మ రాలేదు. గుంటూరులో చర్మ వైద్యుడు పుండుకు కట్టు కట్టి, ఇంకొంచెం పైకి పాకితే కంటికి వచ్చేదన్నారు. మచ్చ జబ్బేమీ కాదని, కావాలంటే పెద్దయ్యాక చిన్న ఆపరేషన్‌తో తీసేయవచ్చని చెప్పారు. బయట బెంచీ మీద కూర్చున్నాక టీచరు గారు అడిగారు.

"నీకేం కావాలే? ఉంచుకుంటావా, తీయించుకుంటావా?"

అంతవరకూ నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. తెలియదండీ అన్నాను.

"తెలిసేదాకా దాని మీద ఎవ్వరూ చెయ్యి వెయ్యకూడదు. నువ్వు కూడా."

సోమవారం నన్ను బడికి తీసుకొచ్చారు. తిన్నగా సోషల్ క్లాసులోకి నడిపించి, మాస్టారి ముందు నిలబెట్టి, నా చెంప మీది కట్టు తీసేశారు. ఆయన తడబడుతూ, ఏదో సరదాకి అన్నానన్నారు.

"మీ సరదా దీని చెంప మీద పుండై కూర్చుంది. దగ్గరికొచ్చి చూడండి."

ఆయన రాలేదు. క్షమించమని కూడా అనలేదు. నలభై మంది నా పుండును చూస్తుంటే నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. హెడ్మాస్టరు వచ్చి, ఇంత చిన్న విషయానికి రభస ఎందుకని టీచరు గారినే మందలించారు. వరండాలోకి వచ్చాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ మీద.

"నన్ను అడక్కుండా అందరి ముందూ ఎందుకు నిలబెట్టారండీ?"

ఆవిడ ముఖం పాలిపోయింది. కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డారు.

"తప్పు చేశానే. నిన్ను అడగాల్సింది" అన్నారు. తరవాత నెమ్మదిగా, "నన్ను అడిగావు కదా, ఆయన్నీ ఇట్లాగే అడుగు. నేను పక్కన ఉండను" అన్నారు.

మర్నాడు హాజరులో ఆయన లంక అన్నప్పుడు నేను లేచాను. "నా పేరు పద్మ అండీ. ఆ పేరుతోనే పిలవండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ సంవత్సరం చివరిదాకా ఆయన నన్ను హాజరు పట్టీలో నంబరుతోనే పిలిచారు. నా పేరు మాత్రం ఆయన నోట రాలేదు.

డిగ్రీ చదివేటప్పుడు నేనే వెళ్లి మచ్చ తీయించుకున్నాను. టీచరు గారికి చూపిస్తే మంచిపని చేశావని గానీ, ఉంచుకోవాల్సిందని గానీ అనలేదు. నొప్పి పెట్టిందా అని మాత్రం అడిగారు. కాలిన గుర్తు ఇప్పటికీ ఉంది. ఇంత వయసొచ్చింది, ఇంకా మనసులో పెట్టుకుంటావేమని మావాళ్లు అంటారు. సోషల్ మాస్టారిని నేను క్షమించలేదు. ఆయన అడగందే నేనెందుకు క్షమించాలి?

నేనూ టీచర్నయ్యాను. కోటేశ్వరమ్మ గారు పోయి చాలాకాలమైంది. మా స్టాఫ్ రూములో ఎవరైనా ఒక పిల్ల నల్లదనాన్నో, నత్తినో చెప్పి నవ్వితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది, ఊరుకోను. కానీ గొడవకు దిగేముందు ఆ పిల్లను విడిగా పిలిచి, నన్నేం చెయ్యమంటావమ్మా అని అడుగుతాను. గొడవకు ముందే ఆ ప్రశ్న అడగాలని టీచరు గారు కాస్త ఆలస్యంగా, వరండాలోకి వచ్చాక నేర్చుకున్నారు. అదీ ఒక పద్నాలుగేళ్ల పిల్ల దగ్గర.