ఘటం మొలవని ఏడు

చేలోంచి తెచ్చి ఆరబెట్టి జల్లెడ పట్టిన నల్లరేగడి మన్ను మీద మొదటి చెంబు నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు, కొంచెం వాన, కొంచెం పచ్చి శనగ కలిసినట్టుంటుంది. ఈ ఏడు కూడా నవరాత్రులు మొదలైన పొద్దున నారాయణఖేడ్‌లోని మా ఇంట్లో, బయట డిపో నుంచి బస్సులు ఒక్కొక్కటే హారన్ కొట్టుకుంటూ కదులుతుంటే, మోదుగ విస్తరిలో మన్ను పరిచి, గింజలు చల్లి, నడుమ నీళ్ల ముంత నిలిపి, భవాని పటం ముందు ఘటం పెట్టాను. తర్వాత చీర మార్చుకుని కాలేజీకి పోయి ఇంటర్ పిల్లలకు విత్తనం ఎలా మొలకెత్తుతుందో పాఠం చెప్పాను. నా నుదుటి మీది కుంకుమ చూసి ఒక పిల్ల లేచి, "మేడమ్, మీరు సైన్సు జెప్తరు, ఇంట్ల ఘటం గూడ వెడ్తరంట. రెండిట్ల ఏది నిజం?" అని నిలదీసింది. గంట కొట్టేలోపు చెప్పగలిగే జవాబు కాదది. రేపు చెప్తానన్నాను గానీ, ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది.

మా ముత్తాతలెప్పుడో కన్నడ సీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అందుకే మా ఇంట్లో నాన్నను అప్ప అనీ, నాయనమ్మను అజ్జి అనీ పిలిచేవాళ్లం. అంగట్లో బేరం ఉర్దూ కలిసిన తెలుగులో, దేవుడికి దండం మాత్రం కన్నడంలో. అజ్జికి కోపం వచ్చినా కన్నడమే వచ్చేది, అంటే దేవుడికీ మాకూ ఒకే భాష దక్కేదన్నమాట.

అప్పుడు మేం మనూర్ పోయే దారిలో ఒక పల్లెలో ఉండేవాళ్లం. తొలకరికి చేలగట్ల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు పాకుతుంటే అగ్గిపెట్టెల్లో పట్టుకుని ముఖమల్ గుడ్డను నిమిరినట్టు నిమిరేవాళ్లం. పెసరకాయలు వలుచుకు తిని నోళ్లు పచ్చగా చేసుకునేవాళ్లం. చలికాలం వస్తే జొన్న పాలకంకులు కాల్చి, నలిపి, ఊదుకుని తినే ఊచబియ్యం, చేలోనే మంటేసి కాల్చిన శనగకాయలు, వాటి మసితో ఒకరి మూతికి ఒకరు మీసాలు దిద్దుకోవడం, ఇంటికి రాగానే అజ్జి చేత తిట్లు. తెల్లారగానే అజ్జి జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. రొట్టె తడుతూనే దేవుని అర్రలో ఉన్న భవానితో పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడేది. వాన ఆలస్యమైతే అమ్మవారిని నాలుగు తిట్టేది కూడా, మళ్లీ మేం ఒక్క మాట తేలిగ్గా అంటే మాత్రం అట్లకాడ పట్టుకుని వెంటపడేది.

అజ్జికి ఏడాది మొత్తంలో అసలైన పండుగ నవరాత్రులే. ఆడపిల్లలమంతా తంగేడు, గునుగు పూలకోసం గట్లంట తిరిగి బతుకమ్మలు పేర్చుకుంటుంటే, అజ్జి ఒంటిపూట పండూ పాలతో ఉండి ఘటాన్ని కనిపెట్టుకుని ఉండేది. ఆ మన్నులో చల్లేవి ఊరికే ఏవో గింజలు కావు. చలికాలపు యాసంగికి చేలో వేయబోయే శనగ, తెల్లజొన్న, కుసుమ, గోధుమ. ఏ గింజ గుబురుగా మొలిస్తే ఆ పంట మీద అమ్మవారి చూపు ఉన్నట్టు లెక్క. దసరా నాడు ఆ లేత మొలకలను మగవాళ్ల తలరుమాళ్లలో, ఆడవాళ్ల కొప్పుల్లో పెట్టి, జమ్మి ఆకు బంగారం పంచుకుని, ఆ తర్వాతే మా ఇంట్లో విత్తే గొర్రు కట్టేవారు. నల్లరేగడిలో వానల తడి ఆరకముందే విత్తనం పడాలి. ఆ అదను దాటితే ఇక ఆ ఏడాది చేను బీడే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు అప్పకు కొత్త మోజు పుట్టింది. అంతకుముందు విత్తనాలను పేడ అలికిన వెదురు గుమ్ముల్లో పోసేవారు. ఆ అలకడం, ఎలుకల్ని తోలడం ఎవరికి ఓపిక అని, సంత నుంచి బిగుతు మూతల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు పట్టుకొచ్చాడు. పంట కోత నాడే అకాల వాన పడింది. గింజ సరిగ్గా ఎండకుండానే హడావుడిగా డ్రమ్ముల్లో పోసి మూతలు బిగించి, రేకుల కప్పు కింద వరుసగా నిలబెట్టి, ఊళ్లో పదిమందికీ చూపించి మురిసిపోయాడు. ఆ ఎండాకాలమంతా విత్తనం వాటిలోనే ఉంది.

భాద్రపదంలో నేను పెద్దమనిషినయ్యాను. మూలన కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం, ఎండుకొబ్బరి కుడుకలు తినబెట్టి, వేడుక చేసి, తలంటి పోశారు. నవరాత్రులు రాగానే అజ్జి ఎప్పుడూ తన చేయి విడవని రాగి చెంబును నాకందించి, "ఈయేడు ఘటానికి నీళ్లు నందానే పోస్తది" అంది. నా అసలు పేరు మహానంద. పొద్దున్నే తలస్నానం చేసి, తడి జడతో, ఊపిరి బిగబట్టి ఆ మన్ను మీద నీళ్లు చిలకరిస్తుంటే ఇంటికి నేనే పెద్దదిక్కును అన్నంత గర్వంగా ఉండేది. ఆ గర్వంలో గింజలు మొలవడం లేదన్న సంగతి మొదట నా కంటికి ఆనలేదు. మూడోనాటికి పచ్చటి సూదుల్లా తలెత్తాల్సిన జొన్న తలెత్తలేదు. ఐదోనాటికి కూడా ఘటం చుట్టూ నల్లటి మన్నే మిగిలింది, అక్కడక్కడ ఒకటి అరా బలహీనమైన మొలక తప్ప.

ఆనాడే అప్ప అక్క నాగమ్మత్త పండక్కి వచ్చింది. మనూర్ నుంచి షేర్ ఆటోలో, ఒళ్లో పిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు మూటలు ఎత్తుకుని దిగింది. ఒకదాంట్లో శనగలు, ఒకదాంట్లో జొన్నలు, తన చేనివే. కాళ్లు కడుక్కుని దేవుని అర్రలోకి తొంగి చూసి గుండెల మీద చేయి వేసుకుంది.

"ఏందమ్మా గిట్లున్నది? నీళ్లెవరు వోస్తున్నరు?"

"నందా పోస్తుంది" అంది మా అమ్మ, గొంతు తగ్గించి.

"గిప్పుడే పెద్దమనిషైన పిల్లతోనా? భవానమ్మకు కోపం రాకుంటదా మల్ల!"

అజ్జి "సుమ్నిరు" అని కసిరింది. కన్నడంలో ఊరుకొమ్మని. కానీ మరునాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి రాగి చెంబు అజ్జి చేతిలోనే ఉంది. నన్ను తిట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు, అసలు నా వైపు చూడనేలేదు. ఆ చూడకపోవడమే నన్ను కాల్చేసింది. గడప బయటే నిలబడిపోయాను. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

ఇంట్లో అసలు గొడవ ఆ మధ్యాహ్నం మొదలైంది. అజ్జి అప్పను పిలిచి, "అమ్మ ఒద్దంటుంది. తప్పు నాది, చెంబు నేనే ఇచ్చిన. ఈ యాసంగి విత్తనం ఎయ్యకు" అని తేల్చేసింది. అప్ప తల్లిని అవ్వ అని పిలిచేవాడు. "మన్నుల పదునంత ఆరిపోతది గదనే అవ్వా! యాడాదంత ఏం తినాలె? ఘటంల తడి ఎక్కువై గింజ మురిగి ఉంటది, గంతే. నేనేస్త" అన్నాడు. అజ్జి పండూ పాలూ కూడా మానేసి భవాని ముందు కూర్చుంది. అప్ప గొర్రుకు పదును పెట్టిస్తానని బయటికి పోయాడు. అజ్జి మాట నెగ్గితే చేను బీడు పడుతుంది, బీడు పడ్డ చేనును చూసినప్పుడల్లా ఊరు నన్ను చూస్తుంది. ఆ నింద పెళ్లయి పోయినా నా వెంట వస్తుందని పదమూడేళ్ల బుర్రకు స్పష్టంగా అర్థమైంది.

మా బడిలో సైన్సు సారు కొన్నాళ్ల ముందే మాతో తడిగుడ్డలో పెసలు కట్టించి మొలిపించాడు. ఒకటి చెడ్డదో కాదో తెలియాలంటే పక్కన ఇంకొకటి పెట్టి చూడాలని చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చి, డ్రమ్ములోంచి పిడికెడు శనగలు, అత్త మూటలోంచి పిడికెడు శనగలు దొంగిలించి, అజ్జి పాతచీర పేలికల్లో వేరువేరుగా మూటకట్టి, కొట్టంలో కుడితి గోలెం పక్కన దాచిపెట్టాను. కట్టేటప్పుడు ఏం చేశానో చెప్తే మా కాలేజీ పిల్లలు నవ్వుతారు. కళ్లు మూసుకుని, "తల్లీ భవానీ, నిజం జెప్పు" అని మొక్కుకున్నాను. పొద్దునా సాయంత్రం నేనే నీళ్లు చిలకరించాను. ఒకటే భయం. డ్రమ్ము గింజలు కూడా చక్కగా మొలిచాయంటే? తప్పు విత్తనానిది కాదు, నా చేతిదే అని నేనే రుజువు చేసుకున్నట్టవుతుంది. ఆ మూటలు విప్పకుండా పెంటకుప్పలో పారేద్దామని కూడా అనిపించింది.

సద్దుల బతుకమ్మ నాడు ఇల్లంతా పులిహోర పోపు, వేయించిన నువ్వులు, మలీద ముద్దల్లో నెయ్యి వాసనలతో నిండిపోయి ఉండగా, వాకిలంతా గుమ్మడిపూలు పరుచుకుని ఉండగా, నేను కొట్టంలోకి పోయి మూటలు విప్పాను. డ్రమ్ము శనగలు ఉబ్బి, జిగటగా, పులిసిన వాసన కొడుతున్నాయి. అత్త శనగలు ఒక్కొక్కటీ తెల్లటి వేరు బయటికి చాచి కూర్చున్నాయి. నేను పెట్టిన కేకకు బర్రె బెదిరి తాడు గుంజింది. రెండింటినీ ఒకే చాటలో పోసుకుని వాకిట్లోకి పరిగెత్తాను.

"ఇవి మన డ్రమ్ముయి. ఇవి అత్త తెచ్చినయి. రెండిటికీ నేనే నీళ్లు వోసిన!"

బతుకమ్మ పేరుస్తున్న చేతులు ఆగిపోయాయి. అజ్జి దేవుని అర్రలోంచి గోడ పట్టుకుని వచ్చింది. అందరికంటే ముందు నాగమ్మత్త వంగి, ఒక మొలకను రెండు వేళ్లతో పైకెత్తి, "ఇయ్యి మా చేనియేనా?" అంది. అవునన్నాను. ఆమె మొహం మతాబులా వెలిగిపోయింది. నిన్నటిదాకా నా చేతిని తప్పుపట్టిన మనిషి, ఆ చేతి పుణ్యాన తన పంట ఇంత గొప్పగా తేలేసరికి, "గట్లనే ఉంటయి మరి, మేం బాగ ఎండబెట్టినం" అని వాకిట్లో అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. అప్ప డ్రమ్ము మూత తీసి భుజందాకా చేయి పెట్టి, వాసన చూసి, "ఉడికిపోయినయే అవ్వా" అని అక్కడే కూలబడ్డాడు. ఆ విత్తనమే వేసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు అందరికీ తెలిసింది.

అజ్జి చాట ముందు కూర్చుని ఆ గింజలనూ ఈ గింజలనూ చాలాసేపు తడిమింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి గానీ మొహంలో ఏడుపు లేదు. "అమ్మకు కోపం లేదు" అంది చివరికి. "విత్తనం సచ్చిందని అమ్మ మొదటిరోజు నుంచే జెప్తుంది. ఎందుకు సచ్చిందో ఈ పిల్ల జెప్పింది. నడుమ మనమే ఆమె మాటకు తప్పు అర్థం తీసినం." లేచి లోపలికి పోయి రాగి చెంబు తెచ్చి నా చేతిలో పెట్టి, ఈసారి నా కళ్లలోకి చూసింది. నా చేత్తోనే అత్త మొలకలను ఘటం చుట్టూ మన్నులో గుచ్చించింది. ఆ సాయంత్రం నేను ఆడినంత గట్టిగా ఆ ఊళ్లో ఎవరూ బతుకమ్మ ఆడి ఉండరు.

దసరా నాటికి ఘటం చుట్టూ గోరంత పచ్చదనం లేచింది. రివాజు ప్రకారం మొదటి మొలక అప్ప రుమాలులో పెట్టాలి. అప్ప తల వంచాడు కూడా. అజ్జి అతన్ని దాటి వచ్చి నా జడలో తురిమింది. నాకు అప్పుడు కలిగిన సంతోషం తర్వాత ఏ డిగ్రీ పట్టా చేతికొచ్చినప్పుడూ కలగలేదు. అత్త ఊరి నుంచి విత్తనం వచ్చింది, అదనులోనే గొర్రు కదిలింది, పుష్యమాసానికి చేనంతా శనగ పూసింది. ఆ తర్వాత ఏటేటా ఘటం పెట్టేముందే మా ఇంట్లో తడిగుడ్డ మూట వెలిసేది. ఊళ్లోవాళ్లు కూడా కొంగున గింజలు కట్టుకొచ్చి, "నందా, జర జూడు బిడ్డా" అనేవారు. నేను డాక్టరులా మొహం పెట్టేదాన్ని.

ఇప్పుడు అజ్జి లేదు, అప్ప లేడు. పేడ అలికిన గుమ్ములు లేవు, డ్రమ్ములు కూడా పోయాయి, విత్తనం సంచుల్లో సీలుతో వస్తోంది. గట్ల మీద ఏరుకున్న తంగేడు పూలు అంగట్లో కట్టలుగా కొంటున్నాం. ఆరుద్ర పురుగును చూసి ఎన్నేళ్లయిందో. వీటన్నిటికీ నాకు బెంగ ఉంది, దాచుకోను. గింజ నీళ్లు పీల్చుకోవడం, లోపలి పిండి చక్కెరగా మారడం, ముందు వేరు రావడం అన్నీ నల్లబల్ల మీద గీసి చెప్పగలను. అయినా ఘటానికి మొదటి చెంబు పోసేటప్పుడు ఊపిరి బిగబడుతుంది. చదువు ఆ ఊపిరిని నా దగ్గర్నుంచి తీసుకోలేదు, నేనూ ఆ ఊపిరిని అడ్డం పెట్టుకుని చదువును తోసెయ్యలేదు. నన్ను నిలదీసిన పిల్లకు మర్నాడు ఒక్కటే చెప్పాను. దండం హాయిగా పెట్టుకో, కానీ దేవుడి పేరు మీద ఎవరి నెత్తినైనా నింద పడుతుంటే మాత్రం ముందు గింజను తడిగుడ్డలో కట్టి చూడు.

నిన్న నాగమ్మత్త ఫోను చేసింది. ముసలిదైపోయింది, గొంతు మాత్రం అదే. ఆమె మనుమరాలు ఈమధ్యే పెద్దమనిషి అయింది. "ఘటానికి గా పిల్లనే నీళ్లు వోస్తుంది, నేనే పొయ్యమన్న. వీడియో పంపిన, జూసినవా?" అంది. చూశాను. ఆ పిల్ల నేరుగా గడప దాటి లోపలికి పోయి, చెంబు వంచి నీళ్లు పోసి, కెమెరా వైపు తిరిగి నాలుక చాపి నవ్వింది. ఎవరి మొహంలోకీ చూసి అనుమతి అడగలేదు. ఒకప్పుడు అడగాల్సి ఉండేదని దానికి తెలియదు కూడా. చిన్ననాటివి ఎన్ని పోయాయో లెక్కపెట్టుకుని కంటతడి పెట్టుకునే నేను, ఇదొకటి పోయినందుకు ఆ వీడియోను ఇంటిల్లిపాదికీ మళ్లీ మళ్లీ చూపించాను.